దారం కట్టిన చెయ్యి

డాక్టర్ కోదండపాణిని దొంగ అనేవాళ్లు మా ఊళ్లో కొందరుండేవారు. నేను ఒప్పుకోను. దొంగయితే ఎంత బాగుండేది! దొంగకు తన సరుకు సంగతి తెలిసి ఉంటుంది, దాన్ని తన ఇంట్లోవాళ్లకు అంటగట్టడు. ఈయన నమ్మాడు. నమ్మినవాడి ఎదురింట్లో కాపురం ఉండడమంటే ఏమిటో ప్రొద్దుటూరులో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అప్పుడు నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయిన కొత్త. బంగారంగళ్ల వెనక సందులో మా ఇల్లు, ఎదురుగా ఆయన ఇల్లూ వైద్యశాలా. మద్రాసులో దేశవైద్యం చదివి పాసయ్యానని ఆయన చెప్పేవాడు. మధ్యలోనే మానేసి వచ్చాడని గిట్టనివాళ్లు చెప్పేవారు. బోర్డు మీద మాత్రం 'రాచపుండుకు కత్తి లేని వైద్యం' అని ఎర్ర రంగుతో రాయించాడు. క్యాన్సరు అనే మాట మాలో చాలామందికి అప్పటికింకా తెలియదు గాని, రాచపుండు అంటే పసిపిల్లలకు కూడా తెలుసు. రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయిన తర్వాత కూడా ఆ బోర్డు అక్కడే చాలాకాలం ఉంది.

ఆయన మందు ఒక నల్లని లేపనం. గడ్డ మీద రాస్తే చర్మాన్ని కాల్చుకుంటూ లోపలికి దిగుతుంది. కొన్నాళ్లకు గడ్డ మాడి ఊడి వస్తుంది. ఊడినదాన్ని గాజు సీసాలో వేసి అల్మారాలో వరసగా పేర్చేవాడు. మందు రాసే వేళకు మా ఆవిడ కిటికీ తలుపులు మూసేది. మూసినా అరుపులు వినబడేవి. గట్టిగా అరిచారంటే మందు బాగా పట్టినట్టని ఆయన బయట కూర్చున్నవాళ్లకు చెప్పేవాడు, వాళ్లు తలలూపేవారు. గురిగింజెత్తు బంగారం కొనాలంటే గీటురాయి మీద నాలుగుమాట్లు గీయించి చూసే ఊరిది. అలాంటి ఊరు కన్నతల్లినీ కట్టుకున్నదాన్నీ తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టి వెళ్లేది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కొందరికి నయమయింది. అబద్ధమెందుకు చెప్పాలి? గడ్డ ఏదైనా ఆయన నోట రాచపుండే కాబట్టి, వాటిలో వట్టి గడ్డలు మానేవి. మానితే మందు గొప్ప. మానకపోతే ఎవరిది తప్పు? దానికి ఆయన దగ్గర ఒక ఏర్పాటుంది.

పథ్యం చాలా కఠినం. ఉప్పు లేదు, పులుపు లేదు, కారం లేదు. కొత్త కుండలో, వేరే పొయ్యి మీద కొర్రబువ్వ వండాలి. ఆ కుండకు ఒక్క చెయ్యే తగలాలి, రెండో చెయ్యి తగలకూడదు. మొదటిరోజే ఆయన అడిగేవాడు, "వండే చెయ్యి ఏది?" అని. ఇంటి ఆడవాళ్లలో ఒకరు ముందుకు రావాలి. ఆమె కుడి మణికట్టుకు పసుపు దారం కట్టేవాడు. రోగికి కాదు, వండే ఆమెకు. దారం కట్టించుకున్న చెయ్యి పుండును ముట్టుకోకూడదు. పుండు కడిగే చెయ్యి కుండను ముట్టుకోకూడదు. రోగి చచ్చిపోతే ఆయన స్వయంగా శవం దగ్గరికి వెళ్లి, అందరూ వింటుండగా, "చెయ్యి తప్పింది" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. దారం ఎవరి చేతికి ఉందో అందరికీ కనబడుతూనే ఉంటుంది. డాక్టరు గొంతు పట్టుకోవలసినవాళ్లు ఇంటికి పోయి ఆ ఆడదాని జుట్టు పట్టుకునేవారు. ఒకసారి ఎవరో అర్జీ పెడితే విచారణకు మనిషి వచ్చాడు. డాక్టరు తరఫున సాక్ష్యం చెప్పడానికి ముందు నిలబడినవాళ్లెవరనుకున్నారు? చచ్చినవాళ్ల మొగుళ్లూ కొడుకులే.

అలా తన్నులు తిన్నవాళ్లలో సాజిదా ఒకతె. పులివెందులలో కుట్టుపని చేసే మున్వర్ భార్య. పుట్టిల్లు జమ్మలమడుగు. తండ్రి ఫకీర్ సాహెబ్ మగ్గం నేసుకుని బతికేవాడు. అత్త ఖమర్‌బీకి రొమ్ములో గడ్డ లేచింది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో చూసి, కోసి తీసేస్తే బతుకుతుందన్నారు. అక్కడే చేర్పిద్దామని సాజిదా మొగుడి కాళ్లావేళ్లా పడింది. కత్తి తగిలితే రాచపుండు ఒళ్లంతా పాకుతుందని ఇక్కడ కోదండపాణి అన్నాడు. మున్వర్‌కు ఈ మాటే నచ్చింది. వండే చెయ్యి ఏదని అడిగితే ఇంట్లో ఉన్న ఆడమనిషి కోడలొక్కతే. పుండు కడగడానికి పక్కింటి ముసలామెను బతిమాలుకున్నారు. ఆసుపత్రి ఆసుపత్రి అని ఏడ్చినదాని చేతికే దారం పడింది.

ఆ తర్వాతి సంగతి ఆమె మా అరుగు మీద కూర్చుని మా ఆవిడతో చెప్పుకుంది.

"మా అత్త నా చేతులు పట్టుకోని అడిగేదమ్మా, నాలిక మీద ఒక్క ఉప్పుగల్లు పెట్టమని. తిట్టేది, మళ్లా తానే ఏడ్సేది. నేను పెట్టలా. దారం కట్టించుకున్నా గదా అని గుండె రాయి చేసుకున్నా. కడాకు ఉప్పు ఉప్పు అనుకుంటానే పాణం ఇడిసింది. పెట్టకుండానే పెట్టినావని తన్నినారు. పెట్టిందాన్నయినా బాగుండు, ముసిల్దాని కోరికన్నా తీరిండేది."

ఖమర్‌బీ శవం దగ్గర కోదండపాణి తన మాట తాను అనేసి బస్సెక్కి వచ్చేశాడు. మున్వర్ పెళ్లాన్ని జమ్మలమడుగు తోలేశాడు. నాలుగేళ్ల కూతురు మైమూన్‌ను మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడు. పెద్దమనుషులు కూర్చుని అడిగితే ఒక షరతు చెప్పాడు. "తప్పు దాని చెయ్యిది కాదని డాక్టరప్ప నోటితో అనిపించండి. మరుసటి దినమే తెచ్చుకుంటా. అంతవరకు మా అమ్మను సంపిన చేత్తో నా బిడ్డకు ముద్ద పెట్టనియ్యను."

సాజిదాకు కావలసింది ఆ ఒక్క మాటే. అది దక్కితే కూతురు దక్కుతుంది.

దానికోసం ఆమె జమ్మలమడుగు బస్సులో వచ్చేది, పొద్దున వస్తే సాయంత్రం దాకా ఆయన గుమ్మం దగ్గర నిలబడేది. పిల్లకోసమని ఒక గౌను కుట్టి, చంకలో మూటగట్టి తెచ్చుకునేది. మాట దక్కితే ఇటునుంచి ఇటే పులివెందుల బస్సెక్కాలని ఆమె ఆశ.

"ఉప్పు పెట్టలేదు సామీ. ఖురాను మీద చెయ్యి పెట్టి చెప్తా," అనేది.

"పెట్టకపోతే మనిషి యాడికి పోతాదమ్మా? నీ చెయ్యి సంగతి నీకే తెలుసు. నన్నెందుకు అడుగుతాండావు?" అనేవాడు ఆయన. ఎప్పుడూ కోప్పడలేదు. గొంతు పెంచలేదు. ఆ శాంతం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు పట్టలేక వీధి దాటి వెళ్లాను. "సాజిదా తప్పు చేయలేదని ఒక్క ముక్క అంటే మీ సొమ్మేం పోయింది డాక్టరుగారూ? పసిబిడ్డకు తల్లి దొరుకుతుంది," అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "ఆమె తప్పలేదంటే మందు తప్పిందని గదా అయ్యవారూ. ఈ అరుగు మీద కూచున్నోళ్లకు ఏం చెప్పమంటారు? ఇండ్లకు పోయి సావండని చెప్పాల్నా?" అన్నాడు.

అన్నవాడి కళ్లలో నీళ్లున్నాయి. ఆ కళ్లు చూశాక నాకు భయం వేసింది.

ఆ వేసవిలో ఆయన భార్య సరస్వతికే గడ్డ లేచింది. రొమ్ములోనే. ఆయన ఏం చేస్తాడా అని వీధి మొత్తం చూసింది. దొంగయితే ఆ పొద్దే ఆమెను బస్సెక్కించి జమ్మలమడుగు తీసుకుపోయేవాడు. ఈయన లేపనం నూరాడు. కొత్త కుండ తెప్పించాడు. వండే చెయ్యిగా తన అక్క వెంకటసుబ్బమ్మకు దారం కట్టాడు. ఆమె చిన్నప్పుడే ముండమోసి పుట్టింటికి వచ్చి, తల్లి లేని తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. మడిలో, నిష్ఠలో ఆమెకు వంక పెట్టగలిగినవాళ్లు ప్రొద్దుటూరులో లేరు. పెరట్లో వేరే పొయ్యి వేసి అక్కడ వండేది.

పుండు కడగడానికి మాత్రం మనిషి దొరకలేదు. వండే చెయ్యి ముట్టుకోకూడదు కదా. పనిమనిషి రెండురోజులకే వాసన పడలేనని మానేసింది. చుట్టాలు పలకరించి వెళ్లారు. అప్పుడు సాజిదా వచ్చి పెరటి గుమ్మంలో నిలబడి, "నేను కడుగుతా సామీ. మా అత్తకు కడిగే రాతే లేకపాయ, ఈ యమ్మకన్నా కడుగుతా," అంది. పక్క సందులో వాళ్ల దూరపు బంధువు జానీబీ ఇంట్లో పడుకుని, తెల్లవారగానే వచ్చేది. చీముగుడ్డలు ఉతికేది, కట్టెలు కొట్టేది. సరస్వతి అరుస్తుంటే పట్టుకుని కూర్చునేది. ఈ సేవకు డాక్టరు మనసు కరుగుతుందని ఆమె అనుకుంది. కరగడానికి అక్కడ మనసంటూ ఒకటి మిగిలి ఉంటే కదా!

సరస్వతి మంచిదే. మా ఆవిడ చూడ్డానికి వెళ్లినప్పుడు, సాజిదా సరస్వతి చెవి దగ్గర బతిమాలుతోందట. "మా ఊర్లో ఆసుపత్రి ఉండాదమ్మా. నేను తోడొస్తా. ఎవరికీ చెప్పకుండా పోదాం పా."

"నేను పోయి కోయించుకుంటే ఈయప్ప కాడికి ఇంగ ఎవరొస్తారు సాజిదా?" అందట సరస్వతి. "నేను లేచి తిరగనీ. నీ సంగతి నేను మాట్లాడతా. నా మాట తీసెయ్యడు."

లేచి తిరగలేదు. గడ్డ మాడి ఊడింది, సీసాలోకి వెళ్లింది. కాని ఆ పుండు మానలేదు, చంకలోకి, భుజంలోకి పాకింది. కత్తి తగలకుండానే పాకింది.

మా ఆవిడ ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది. "ఆ సాజిదా దేన్ని కోరుకోవాలండీ? సరస్వతి బతికితే మందు మంచిదే అయితాది, ఆ మాట యాడ దొరుకుతాది? సచ్చిపోతే, వెంకటసుబ్బమ్మ చెయ్యి తప్పిందని ఎవరూ అనలేరు. అప్పుడు డాక్టరు నోరు తెరవక తప్పదు."

"ఏం కోరుకుంటోంది మరి?" అన్నాను.

"బతకాలనే మొక్కుకుంటాంది, పిచ్చిది. దర్గాకు చాదర కూడా మొక్కిందంట."

ఒకరోజు తెల్లవారుజామున సరస్వతి పోయింది. పొద్దెక్కేసరికి శవాన్ని అరుగు మీద పడుకోబెట్టారు. వీధి నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి వైద్యం చేయించుకుంటున్న రోగుల మనుషులంతా వచ్చారు. చాలామంది ఆడవాళ్ల చేతులకు పసుపు దారాలు. మున్వర్ కూడా వచ్చాడు. డాక్టరమ్మకు చివరి రోజులని ముందే బస్సు కండక్టరుతో సాజిదా కబురు పంపింది, వచ్చి డాక్టరు ఏమంటాడో నీ చెవులతో విని పొమ్మని. ఇంట్లో చూసేవాళ్లు లేక పిల్లను కూడా ఎత్తుకొచ్చాడు.

మైమూన్ సాజిదాను చూసి మొదట గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టి, ఏడవకుండా, వచ్చి ఒళ్లో కూర్చుంది. మా అరుగు మీదే కూర్చున్నారు తల్లీ కూతుళ్లు. తెచ్చుకున్న గౌను తొడిగితే పొట్టిదయింది. మా ఆవిడ లోపలినుంచి బొరుగుల ఉండ తెచ్చి ఇస్తే, సాజిదా దాన్ని తుంచి పిల్ల నోట్లో పెట్టింది. మున్వర్ చూశాడు. వద్దనలేదు. ఎదురింటి అరుగు మీది శవాన్నీ, దాని పక్కన ముడుచుకుని కూర్చున్న వెంకటసుబ్బమ్మనూ చూశాడు. ఆ ముసలామె చెయ్యి తప్పిందని అతనికీ అనిపించడం లేదు. "డాక్టరప్ప ఏమంటాడో ఇందాం," అన్నాడు సాజిదాతో. ఎన్నాళ్లకో ఆమెతో మాట్లాడాడు. ఆమె మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

కోదండపాణి శవం తల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ అనే ఆ మాట ఇంకా అనలేదు. కలమల్ల నుంచి కూతురిని తెచ్చుకున్న ఒక ముసలాయన చివరికి అడిగాడు. "డాక్టరప్పా, మా ఇండ్లల్లో అయితే చెప్తావు గదా. ఈ ఇంట్లో చెయ్యి ఎవురిది?"

"మా అక్కది," అన్నాడు కోదండపాణి. "మా అక్క చెయ్యి తప్పదు."

దారాలు కట్టుకున్న ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"తప్పకపోతే మల్ల ఈ యమ్మ ఎట్ల పాయనప్పా?" అన్నాడు ముసలాయన.

కోదండపాణి నోరు తెరిచాడు. నేను ఆయన్ను అంత దిక్కుతోచని స్థితిలో ఎప్పుడూ చూడలేదు. ఇంకొక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే నిజం ఆయన నోట్లోంచి దానంతటదే ఊడిపడేది. కాని జనంలో నోరు మూసుకుని ఉండగలిగినవాళ్లెవరు? వెనకనుంచి ఎవతో, "ముసిల్ది గదా, కండ్లు కానక యేమేసిందో," అంది. "ఆడబిడ్డలకు మరదండ్ల మింద ప్రేమలు కారిపోతాయా?" అంది ఇంకొకతె. వెంకటసుబ్బమ్మ దారం ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, తమ్ముడి వైపు చూస్తూ ఏడ్చింది.

సాజిదా ఆ ఏడుపు చూడలేకపోయింది. అదెలా ఉంటుందో ఆమెకు తెలుసు. పిల్లను మా మెట్టు మీద దింపి, వీధి దాటి, శవం ముందుకు వెళ్లి నిలబడింది.

"ఆ యమ్మనేమీ అనొద్దండి. ఒక్క పూట గూడా తప్పలేదు. పెరట్లో నేను పక్కనే ఉన్నా గదా, నాకు తెలుసు. మొన్న ఆ యమ్మకు కూచున్నకాడే కునుకు పడితే, కుండ పొంగిపోతాంటే, నేనే దించి పెట్టినా. సూసినా. ఉప్పు లేదు, యేం లేదు."

సాక్ష్యం చెబుతున్నాననుకుంది పాపం. ఆమె కంటే ముందు నాకు అర్థమయింది. ఆ తర్వాత వీధికి అర్థమయింది.

కోదండపాణి మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "కుండ నువ్వు దించితివా?"

"పొంగిపోతాంటే సామీ."

"పుండు కడిగే చేత్తో?"

సాజిదా తన చేతుల వైపు చూసుకుంది. "కడుక్కున్నా సామీ. సీకాయతో కడుక్కున్నా. బాగా కడుక్కున్నా."

ఆయనకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. అది నటన కాదు, ఒట్టు పెట్టి చెబుతాను. భార్యను ఎవరు చంపారో ఆ క్షణంలో ఆయన నిజంగా కనుక్కున్నాడు. చెంపల మీద కన్నీళ్లు కారుతుండగా జనం వైపు తిరిగి, "చెయ్యి తప్పింది," అన్నాడు.

వీధంతా నిట్టూర్చింది. నేను వీధి మధ్యకు పోయి అరిచాను, కుండ దించితే మనిషి చస్తుందిరా బుద్ధిలేని మందలారా అని. అయ్యవారికి తిక్క లేచిందని నన్ను పక్కకు లాగేశారు. "అత్తను తిన్నది సాలకపాయ," అంటూ మొదట దుమ్మెత్తి పోసినది ఒక ఆడమనిషి. ఆమె చేతికి దారముంది. ఆమె వెనక మిగతా దారాలవాళ్లు కూడా వంగి దుమ్ము తీసుకున్నారు. సాజిదా వెంకటసుబ్బమ్మ వైపు చూసింది. నువ్వయినా చెప్పమ్మా అన్నట్టు చూసింది. వెంకటసుబ్బమ్మ కొంగు మణికట్టు మీదికి లాక్కుని లేచి లోపలికి వెళ్లిపోయింది.

మున్వర్ మా మెట్ల దగ్గరికి వచ్చాడు. మైమూన్ బొరుగుల ఉండ బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. సాజిదా జుట్టు నిండా దుమ్ముతో పరుగెత్తుకొచ్చి చేతులు చాచింది. పిల్ల ఆమె వైపు వంగింది. మున్వర్ పిల్లను ఎత్తుకుని అవతలి పక్కకు తిప్పుకున్నాడు. వాళ్లింట్లో ఉరుదూ మాట్లాడతారు, పిల్లతో ఆ పొద్దంతా ఉరుదూలోనే మాట్లాడాడు. ఈ ఒక్క మాట మాత్రం తెలుగులో అన్నాడు, వీధికంతా వినబడాలని.

"ఉమ్మెయ్. ఆ చేత్తో పెట్టింది తినగూడదు. ఉమ్మెయ్."

పిల్లకు ఏమీ అర్థం కాలేదు. తీపి ఇంకా నోట్లోనే ఉంది. తండ్రి అరచెయ్యి గడ్డం కింద పట్టాడు. మైమూన్ తల్లి మొహం వైపు ఒకసారి చూసింది, తండ్రి మొహం వైపు ఒకసారి చూసింది. చెప్పిన మాట వినే పిల్ల. ఉమ్మేసింది.